‘నాచేత కాదు’ అనుట అవిధేయతయా?



గడచిన క్రిస్మసు దినములలో మా సంఘమునకు చెందిన ఒక యౌవనుడు సెలవు మీద ఇంటికి వచ్చి యుండెను. అతడు హైదరాబాదులో విమానము నడుపుట నేర్చుకొనుచున్నాడు. అతని తాత మన కేసముద్రము మార్కెటులో మిరప బస్తాలు మోసిన హమాలీ. మనుమడు మబ్బులలో తిరుగుచున్నాడని చెప్పుకొనుట ఆ ఇంటివారికి సంతోషమే గాని, లోపల భయము లేకపోలేదు. ఆరాధన ముగిసిన తరువాత స్త్రీల సమాజమువారు అతని చుట్టు చేరి, “అంత ఎత్తు మీద భయం కాదా బిడ్డా?” అని అడిగిరి. అతడు నవ్వి, “ఎత్తుకు భయం లేదమ్మా, రేడియోల మాట్లాడాలంటేనే భయం” అనెను. అందరును నవ్విరి. మేమును నవ్వితిమి.

ఆ సాయంకాలము అతడు మా ఇంటికి వచ్చి ఆ మాటను విప్పి చెప్పినప్పుడు మాకు నవ్వు రాలేదు. అతడు చెప్పినది విమానముల సంగతియే అయినను, మేము విన్నది మా సంఘము సంగతి, మా స్వంత సంగతి. పెద్దల మాట వచ్చినప్పుడు, అధికారి మాట వచ్చినప్పుడు, దైవసేవకుని మాట వచ్చినప్పుడు “నాచేత కాదు” అనుట అవిధేయతయా? లేక అదియు విధేయతలో ఒక భాగమా? ఈ ప్రశ్నను గూర్చి కొన్ని వారములు ఆలోచించి ఈ నెల పత్రికకు వ్రాయుచున్నాము.

మొదట అతని పని ఎట్టిదో తెలియవలెను. నేల మీద నుండి చూచువారికి ఆకాశము గట్లు లేని పొలమువలె కనబడును. దానికిని గట్లు ఉన్నవి. హైదరాబాదునే చూడుడి. ఊరి నడుమ బేగంపేట పాత విమానాశ్రయము ఉన్నది. 2008 మార్చిలో శంషాబాదు తెరువబడిన తరువాత ప్రయాణికుల విమానములు అచ్చటికి పోయినవి. ఉత్తరమున హకీంపేట, ఆ వైపుననే దుండిగల్, ఈ రెండును వైమానిక దళమువారివి. దక్షిణమున శంషాబాదు, దానికి దగ్గరలోనే నాదర్‌గుల్‌లో చిన్న విమానములు దిగు మైదానము. ఇవన్నియు ఒక ఊరి చుట్టు పొలములవలె ఆనుకొని యున్నవి. (మన వరంగల్లు ప్రక్కన మామునూరులో కూడ నిజాము కాలపు విమానాశ్రయము ఒకటి ఎన్నో సంవత్సరములుగా ప్రయాణికుల విమానములు లేక పడియున్నది, దానిని తిరిగి నిర్మించుటకు 2025లో కేంద్ర ప్రభుత్వము అనుమతి ఇచ్చినది.) ఆ గట్ల లోపలికి వచ్చు విమానమునకు ఎంత ఎత్తున ఎగురవలెనో, ఎటు తిరుగవలెనో, ఎప్పుడు దిగవలెనో రేడియోలో చెప్పువారిని కంట్రోలరులు అందురు. కొందరు గోపురము మీద అద్దముల గదిలో కూర్చుందురు. కొందరు రాడారు తెరల యెదుట కూర్చుందురు. పైలటు వారి ముఖము ఎరుగడు. స్వరము మాత్రమే ఎరుగును.

రైలు పట్టాల ప్రక్కన పెరిగిన మనకు ఇది గ్రహించుట కష్టము కాదు. లైను క్లియరు లేనిదే బండి స్టేషను విడువదు. గేటుమాను గేటు మూసి, ఫోనులో ప్రైవేటు నెంబరు చెప్పగా, స్టేషను మాస్టరు దానిని పుస్తకములో వ్రాసికొనును. విమానములలోను ఇట్టి పద్ధతియే ఉన్నది. కంట్రోలరు “ఐదు వేల అడుగులకు దిగుము” అనినయెడల, పైలటు “ఐదు వేల అడుగులకు దిగుచున్నాను” అని తన విమానము పేరుతో సహా ఆ మాటను తిరిగి పలుకవలెను. “సరే” అనిన చాలదు. తిరిగి పలికిన దానిలో తప్పున్నదేమో అని కంట్రోలరు చెవియొగ్గి వినును. అంకెలు పలుకుటకు కూడ వారికి నియమమున్నది; తొమ్మిది అను ఇంగ్లీషు మాట ఐదుతో కలిసిపోకుండునట్లు ‘నైనర్’ అని చివర సాగదీయుదురు. ఒక్క అక్షరము సరిగా పలుకలేక యొర్దాను రేవుల యొద్ద ఎఫ్రాయిమీయులకు కలిగిన నష్టము (న్యాయా. 12) చదివినవారికి ఇది వింత కాదు.

పైలటుగా జీతమునకు చేరవలెననిన లైసెన్సు కొరకు 200 గంటలు ఎగిరి యుండవలెను. మబ్బులలో నడుపుటకు వేరుగా మరియొక అర్హత కావలెను; అందుకు 40 గంటలు బయటకు చూడక పరికరములను మాత్రమే చూచి నడిపియుండవలెను. ఈ అభ్యాసము ఎట్లు చేయుదురనగా, ఆకాశము నిర్మలముగా ఉన్న దినముననే నేర్చుకొనువాని తలకు ముందుకు పొడుచుకొని వచ్చిన ఒక మరుగు టోపీ పెట్టుదురు. దానితో కిటికీ కనబడదు, ఎదుటి గడియారములవంటి పరికరములు మాత్రమే కనబడును. ప్రక్కన గురువు కూర్చుండి బయట చూచుచుండును. నేల మీది నుండి వచ్చు రేడియో కిరణములను పట్టి రెండు సూదులు చూపును: ఒకటి కుడి యెడమలను, రెండవది ఎత్తు పల్లములను. రెండు సూదులును మధ్యనుండునట్లు నడుపుకొనుచు రన్‌వే వైపునకు దిగవలెను. దీనికి ఇన్‌స్ట్రుమెంటు అప్రోచ్ అని పేరు. నిజముగా మబ్బు పట్టిన దినమున, సాధారణ పద్ధతిలో, రన్‌వే మీద 200 అడుగుల ఎత్తునకు వచ్చువరకును అది కనబడనియెడల, దిగక మరల పైకి లేచిపోవలెను. అభ్యాసములోను అనేక పర్యాయములు అట్లే నేల ముట్టకయే లేచిపోయి, మరల మొదటి నుండి ఆరంభింతురు.

ఇంత శ్రమ ఎందుకనగా, మబ్బులో మన దేహము మనతో అబద్ధమాడును. చెవి లోపల మూడు వంకర గొట్టములలో ఉన్న ద్రవము కదలికను బట్టి మనము తిరుగుచున్నామని తెలియును. అయితే ఒకే రీతిగా కొంతసేపు తిరిగినయెడల ఆ ద్రవము స్థిరపడి, తిరుగుట లేదని చెప్పును. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు ఈ అభ్యాసము లేని 20 మందిని బయట కనబడకుండ చేసి పరీక్షించిరి. ఇరువది మందియు విమానమును అదుపు తప్పించిరి. సగటున 178 సెకనులలో. మూడు నిమిషములు కూడ కాదు! పౌలు ఎక్కిన ఓడవారు సూర్యుడును నక్షత్రములును కనబడని రాత్రులలో తమ కన్నులను గాక, నీటిలోనికి విడిచిన తాడును నమ్మి, ఇరువది బారలు, పదునైదు బారలు అని కొలుచుకొనుచు ఒడ్డు దగ్గరపడినదని గ్రహించిరి (అపొ. 27). వారిది కూడ ఒక అప్రోచ్ అని ఆ యౌవనుడు అనగా, మాకు ఎన్నడును తోచని మాట అని మెచ్చుకొంటిమి.

అతడు ఒక సంగతి దాచక చెప్పెను. ఒకనాడు కంటి కొసతో ఆ టోపీ క్రిందినుండి బయటకు చూచెనట. గురువునకు తెలియలేదు. ఆ దినము సూదులు రెండును చక్కగా మధ్యకు వచ్చినవి. గురువు భుజము తట్టెను. “ఆ రాత్రి నిద్ర పట్టలె అయ్యగారూ. మబ్బుల ఉన్ననాడు దేని కిందికెల్లి తొంగిచూస్త?” అనెను. మరునాడు తానే గురువుతో చెప్పి, ఆ గంట మరల ఎగిరెను.

ఇక కంట్రోలరు మాటను ఎందుకు వినవలెను? అతడు పైలటుకంటె గొప్పవాడని కాదు. పైలటునకు కనబడనిది అతనికి కనబడును. 2024 సెప్టెంబరు 1న మన ఇంటికన్నె, కేసముద్రము నడుమ జరిగినది మీరు మరువలేదు. రాత్రి కురిసిన వానకు కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. బండ్లు ఎక్కడివక్కడ స్టేషనులలో నిలిచిపోయినవి. నిలిచిన బండిలో కూర్చున్నవానికి తెలిసినదేమి? ఆకలి, చంటిపిల్లల ఏడ్పు, ఆలస్యము, ఇంతే. ముందరి కట్ట లేదని అతని కిటికీలో కనబడదు. ఆపినవారి మీద విసుగుకొనుటకు అతనికి ఎన్నో కారణములున్నవి. ఆపుటకు ఉన్న ఒక్క కారణము అతనికి కనబడదు.

మాట వినక చెడిన దృష్టాంతమును మన దేశములోనే జరిగినది. 1996 నవంబరు 12 సాయంకాలమున ఢిల్లీ నుండి లేచిన సౌదీ విమానము 14,000 అడుగులకు ఎక్కుచుండెను. ఎదురుగా కజకిస్తాను విమానము దిగుచుండెను. దానికి 15,000 అడుగుల యొద్ద నిలువుమని ఆజ్ఞ. ఆ విమానమువారు ఆ అంకెను ఒప్పుకొనిరి. ఒప్పుకొనియు దాని క్రిందికి దిగిరి. హర్యానాలోని చర్ఖీ దాద్రి యొద్ద రెండును ఢీకొని, రెంటిలోని 349 మందియు చనిపోయిరి. కూలి వెదకుకొనుచు గల్ఫు దేశములకు పోవుచున్న బీదలు వారిలో అనేకులు. నోటిలో 15,000, చేతిలో అంతకు తక్కువ.

ఇంతవరకు అందరికిని సమ్మతమే. పెద్దల మాట వినవలెనని మేము ప్రతి ఆదివారము చెప్పునదే. మా మనస్సును కదిలించినది దీని తరువాతి సంగతి.

శిక్షణ విమానము రద్దీ యున్న విమానాశ్రయము దగ్గర అభ్యాసము చేయవలెననిన కంట్రోలరును అడుగవలెను. ప్రయాణికుల విమానములు ముందు, అభ్యాసము వెనుక. “వేచియుండుము” అనును, “గట్టు బయటనే తిరుగుచుండుము” అనును, ఒక్కొక్కప్పుడు “ఇప్పుడు వీలుపడదు” అనును. నేర్చుకొనువానికి ఇది సిగ్గుగా ఉండును. కొత్తవారిలో కొందరు ఆ గంభీర స్వరముతో మాటలాడుటకు భయపడి, దారి దూరమైనను గట్టు చుట్టు తిరిగి పోవుదురట. ఇది వినగానే మా కన్నుల యెదుట మండల కార్యాలయపు మెట్లు కనబడినవి. పింఛను ఆగిపోయి ఆరు నెలలైనను, లోపలికి పోయి ఆ బల్ల వెనుకనున్న మనిషిని అడుగుటకు ధైర్యము లేక, వేపచెట్టు క్రింద కూర్చుండి లేచి వచ్చు మన తల్లులు ఎందరు లేరు?

అతని భయము ఒకనాడు బయటపడెను. అభ్యాసముగా రన్‌వే వైపునకు దిగుచుండగా, వెనుకనుండి పెద్ద విమానము ఒకటి వచ్చుచుండెను. కంట్రోలరు, వేగము పెంచి చివరివరకు దానిని తగ్గింపవద్దని చెప్పెను. పెద్ద జెట్టు విమానములు దిగునప్పుడు గంటకు 250 కిలోమీటరుల వేగముతో వచ్చును. చిన్న శిక్షణ విమానము దిగు వేగము అందులో సుమారు సగము. అంత వేగముతో దిగుట అతనికి ఇంకను చేతకాదు. అది అతనికి తెలియును. అయినను నోటినుండి వచ్చినది ఆజ్ఞను తిరిగి పలుకు మాటయే. ఒక్క అక్షరము తప్పిపోలేదు. అప్పుడు ప్రక్కనున్న గురువు రేడియో అందుకొని ఇంగ్లీషులో ఒకే మాట, “చేయలేము” అని చెప్పి, ఎంత వేగము మాత్రము సాధ్యమో చెప్పెను. కంట్రోలరు కోపపడెనా? లేదు. ఎడమకు తిరుగుమని చెప్పి, పెద్ద విమానమును ముందు పోనిచ్చి, దాని వెనుక వీరిని దూరముగా నిలిపి మరల రప్పించెను. అంతయు అర నిమిషపు పని.

నేల మీదికి వచ్చిన తరువాత గురువు అడిగెనట: “చేతకాదని తెలిసి ఎందుకు ఒప్పుకొన్నావు?” ఇతడు, “సారు చెప్పిండు గద” అనెను. గురువు చెప్పినది మేము మా మాటలలో వ్రాయుచున్నాము. కంట్రోలరునకు నీ విమానము తెరమీద ఒక చుక్క. ఆ చుక్క లోపల ఎంత ఇంధనమున్నది, నడుపువాడు ఎంత నేర్చినవాడు, వాని చేతులు వణకుచున్నవా అనునది తెరమీద కనబడదు. నీవు చెప్పితేనే తెలియును. నీవు ఒప్పుకొన్న మాట మీద ఆధారపడి అతడు ఇంకొకరికి ఆజ్ఞ ఇచ్చును. నీ అబద్ధపు ‘సరే’ వెనుక వచ్చువాని ప్రాణము మీదికి పోవును. అందుచేతనే లోకమంతట విమానముల నియమములలో, విమానము విషయమై చివరి నిర్ణయము దానిని నడుపు అధిపతిదే అని వ్రాసియున్నారు. ఇచ్చిన ఆజ్ఞ తనకు వీలుకానిదైనయెడల మరియొకటి అడుగుటకు అతనికి హక్కున్నది. అతడు ఆ అధికారము క్రిందనే యుండి, ఆ అధికారముతోనే ఈ మాట చెప్పుచున్నాడు.

ఈ మాట చెప్పలేనివారికి ఏమి జరిగినదో తెలిపెడి సంగతి ఒకటి 1990లో న్యూయార్కు దగ్గర జరిగినది. జనవరి 25 రాత్రి కొలంబియా దేశము నుండి ఏవియాంకా కంపెనీ విమానము 158 మందితో వచ్చుచుండెను. వాతావరణము చెడి విమానములు బారులు తీరినవి. దీనిని మూడు చోట్ల ఆపి గాలిలో త్రిప్పిరి. మొత్తము 77 నిమిషములు. ఇంధనము తరిగిపోవుచుండెను. రేడియోలో మాటలాడు సహాయ పైలటు తమకు ప్రాధాన్యము ఇయ్యవలెనని అడిగెను గాని, ఆపద అను మాట పలుకలేదు. కంట్రోలరుల భాషలో ఆ రెంటికి ఎంతో భేదమున్నది. ఆపద అనినయెడల అందరిని ఆపి దారి ఇత్తురు. మొదటిసారి దిగబోయి దిగలేక లేచినప్పుడు, పెద్ద పైలటు తన సహాయకునితో, మనము ఆపదలో ఉన్నామని వారితో చెప్పుము అనెను. సహాయకుడు కంట్రోలరు ఇచ్చిన దిక్కును తిరిగి పలికి, దాని తోకన ఇంధనము అయిపోవుచున్నదని మెల్లగా చేర్చెను. చెప్పితినని పెద్దవానితో అనెను. తరువాత కంట్రోలరు, మిమ్మును పదునైదు మైళ్లు ఈశాన్యమునకు తీసికొనిపోయి త్రిప్పి తెచ్చెదను, మీకును మీ ఇంధనమునకును అది సరియేనా అని స్పష్టముగానే అడిగెను. సహాయకుడు సరియేనన్నట్టు చెప్పి, వందనములు కూడ చెప్పెను. కొన్ని నిమిషములకు ఇంజనులు ఒక్కొక్కటిగా ఆరిపోయినవి. విమానము ఒక గుట్ట మీద పడెను. 73 మంది చనిపోయిరి. మంట లేవలేదు; మండుటకు ట్యాంకులలో చమురు లేదు.

తప్పు ఎవరిదని విచారణలు జరిగినవి. ఆపద అని చెప్పకపోవుటయే ముఖ్య కారణములలో ఒకటి అని తేల్చిరి. భాష చాలలేదని కొందరనిరి. పెద్ద స్వరము యెదుట గట్టిగా మాటలాడని అలవాటు అని కొందరనిరి. ఆ సహాయ పైలటును నిందించుటకు మా మనస్సు ఒప్పుకొనదు. అతని “సరియే, వందనములు” మేము ఎరిగిన మాటయే. అది మన ఇండ్లలో పుట్టిన మాటవలెనే యున్నది. మన పిల్లలకు మనము మొదట నేర్పునది “పెద్దలకు ఎదురు చెప్పకు” అని గదా. డాక్టరు మందు రోజుకు మూడుసార్లు భోజనము తరువాత వేసికొమ్మనినప్పుడు, మూడుసార్లు భోజనము లేని తల్లి “సరే సారూ” అని చీటీ పట్టుకొని వచ్చును. డాక్టరునకు ఆ ఇంటి పొయ్యి కనబడదు.

మత్తయి 21వ అధ్యాయములో తండ్రి ఇద్దరు కుమారులను ద్రాక్షతోటలో పనికి పంపిన ఉపమానము ఉన్నది. ఒకడు పోనని చెప్పి, తరువాత మనస్సు మార్చుకొని పోయెను. రెండవవాడు “అయ్యా” అని మర్యాదగా పిలిచి, పోవుదునని చెప్పి, పోలేదు. సెమినరీలో ఈ భాగము చదివినప్పుడు రెండవవానిని వేషధారి అని వ్రాసికొంటిమి. పరిసయ్యులను ఉద్దేశించి చెప్పబడినది గనుక అది సరియే. ఇరువది సంవత్సరములు పల్లెలలో తిరిగిన తరువాత, ఆ రెండవవానిలో మరియొక మనుష్యుడు కూడ మాకు కనబడుచున్నాడు. అతడు మోసము చేయవలెననియే “అయ్యా” అనెనో లేదో. కాదని చెప్పుటకు నోరు రాక, మాట మాత్రము ఇచ్చి, సాయంకాలము వరకు తండ్రికి ముఖము చాటు చేసికొని తిరిగెనేమో. మొదటివాని మాట కఠినమైనది. అయితే తన కుమారుడు ఎక్కడ ఉన్నాడో ఆ తండ్రికి తెలిసినది. రెండవవాని విషయములో తండ్రికి తోటలో ఒక పనివాడు ఉన్నాడను లెక్క మాత్రమే ఉన్నది; తోటలో మనిషి లేడు.

ఇక మా సంగతి చెప్పవలెను. దాచినయెడల ఇది వ్రాయుటకు మాకు అర్హత లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేసిన ఒక సంఘములో దేవాలయపు కప్పు కురియుచుండెను. మరమ్మతుకు చందా పుస్తకము తెరచితిమి. కోత పండుగ ఆరాధనలో పుస్తకము చేత పట్టుకొని, పేరు పేరున పిలిచి, ఒక్కొక్కరికి ఇంత అని మేమే అంటిమి. వారు “అట్లనే అయ్యగారూ” అనిరి. మాకు ఎంతో సంతోషముగా ఉండెను. వారిలో ఒక కౌలు రైతు, పెద్దవాడు, ఐదు వేలకు తల ఊపెను. ఆ యేడు మిరప తోటలకు తామర పురుగు తగిలి, పూత నిలువలేదు. ఆయన తోట మా త్రోవ ప్రక్కనే యున్నది. మేము చూచుచునే యుంటిమి. అయినను రెండు వారములలో ఆయన సొమ్ము తెచ్చి యిచ్చెను. మేము ప్రసంగములో ఆయన విశ్వాసమును మెచ్చుకొని, ఇతరులకు మాదిరిగా చూపితిమి. తరువాతి వానకాలములో ఆయన కోడలు మా ఇంటివారితో చెప్పగా తెలిసినది. ఆ ఐదు వేలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. అంతకు ముందున్న అప్పుతో కలిసి అది పెరుగగా, పాలిచ్చు బర్రెను అమ్ముకొనిరి.

మేము పోయి, “పెద్దయ్యా, నాతోనైన ఎందుకు చెప్పలేదు?” అని అడిగితిమి. ఆయన, “పది మందిల మీరు పేరు పెట్టి పిలిచినంక కాదంటె బాగుంటదా అయ్యగారూ” అనెను. నిష్ఠూరము లేదు. మాకు టీ ఇచ్చిరి. అందులో పాలు లేవు.

న్యూయార్కు కంట్రోలరు ఇంధనమును గూర్చి ఒక మాటైన అడిగెను. మేము అదియు అడుగలేదు. అయితే ఆ అడుగుటలోను ఒక లోపమున్నదని ఇప్పుడు తోచుచున్నది. “సరియేనా?” అని అడిగినప్పుడు “సరే” అనుట ఎంతో సులువు, ప్రశ్నలోనే జవాబు కూర్చుండి యున్నది. ఆపదలోనున్న విమానమును ఈ దినములలో కంట్రోలరులు, ఎన్ని నిమిషముల ఇంధనము ఉన్నది, లోపల ఎంతమంది ఉన్నారు అని అడుగుదురట. ఆ ప్రశ్నకు అంకె చెప్పవలసినదే. “సరే” అని తప్పించుకొనుటకు వీలులేదు. నాచేత కాదు అను మాట క్రిందివాని నోట రావలెననిన, పైవాడు దానికి చోటు ఉంచవలెను. మర్యాద నేర్పించితిమి, భయము నేర్పించితిమి. నిజము చెప్పుటకు మాత్రము తావు ఉంచలేదు. తరువాత ఆ ‘సరే’ నమ్మి లెక్కలు వ్రాసికొంటిమి.

ఈ సంగతి మా పెద్దల కూటములో చెప్పగా ఒక పెద్ద లేచి, “అట్లయితె అందరు నాతోని కాదనే అంటరు అయ్యగారూ. చందా బుక్కు తెల్లగ ఉంటది” అనెను. ఇది త్రోసివేయదగిన మాట కాదు. బద్ధకస్థునికి ఈ మాట మంచి దుప్పటి. మేము దీనిని ఆ యౌవనునికి ఫోనులో చెప్పితిమి. అతడు కొంచెము ఆలోచించి, చేయలేమని చెప్పిన పైలటు రేడియో కట్టివేసి పోడు అనెను. ఏది చేయగలడో అదియు వెంటనే చెప్పవలెను. తరువాతి ఆజ్ఞకు చెవి ఇచ్చి యుండవలెను. ఎందుకు చేయలేకపోయెనో తరువాత అడిగినయెడల జవాబు ఇయ్యవలెను. బద్ధకస్థుడు వీటిలో ఏదియు చేయడు. మా అనుభవము కూడ ఇదియే: కాదని చెప్పి కూటములకు రాకపోయినవారిని మేము తక్కువగా చూచితిమి. “అట్లనే” అని చెప్పి, ఇయ్యలేక, సిగ్గుతో ఆదివారములు మానుకొన్న కుటుంబములనే ఎక్కువ చూచితిమి.

అయినను ఆ పెద్ద మాట కొంతవరకు నిజమాయెను. ఈ యేడు మేము ఆరాధనలో పేర్లు చదువలేదు. ఇంటింటికి పోయి, ఎంత ఇత్తురని అడుగక, పంట ఎట్లున్నది, బాకీ ఎంత ఉన్నది, పిల్లల ఫీజులు కట్టిరా అని అడిగి, ఆ తరువాత పుస్తకము తెరచితిమి. వచ్చిన మొత్తము మునుపటికంటె తక్కువ. వరండా రేకులు ఈ వానకాలమునకు ముందు మార్చుటకు చాలవు. స్త్రీలు కూర్చుండు వైపున ఒక మూల ఈ యేడును కురియును. వారికి మేము ముందుగానే చెప్పితిమి.

పెద్దల కూటము తరువాత మేము పాత సంఘపు ఊరికి పోయి, ఆ కౌలు రైతును కూడ చూచితిమి. వారును తమ దేవాలయపు ప్రహరీ కొరకు పుస్తకము తెరచియున్నారు. ఆ సంఘపు అయ్యగారు మమ్మును కూడ వెంట రమ్మనిరి. గడపలో కూర్చుండి పంట సంగతి అడిగితిమి. ఆయన చాలసేపు నేల చూచి, “ఈ యేడు పైసలు నాతోని కాదు అయ్యగారూ. గోడ కాడ రెండు దినాలు కూలి లేకుంట పనిచేస్త” అనెను. ఆయన మాటను మేము తిరిగి పలికితిమి: పైసలు లేవు, రెండు దినముల పని. ఆయన ఔననెను. ఆ ప్రకారమే ఆయన పేరు ఎదుట వ్రాయబడెను.